కొలను బాగుచేయువాని ధర్మము

చెడిపోయిన దానిని చక్కదిద్దుట సత్కార్యమని ఎల్లరును అంగీకరింతురు. ఒరిగిన గోడను నిలుపుట, పూడిన బావిని త్రవ్వించుట, శిథిలమైన సంస్థను పునరుద్ధరించుట, ఇవి యన్నియు ప్రశంసార్హములే. కాని ఆ పని జరుగుచున్న దినములలో, ఆ గోడ నీడను, ఆ బావి నీటిని, ఆ సంస్థ ఆశ్రయమును నమ్ముకొని జీవించువారి గతి యేమి యని అడుగువారు అరుదు. ఫలము మంచిదైనప్పుడు నడుమ కలుగు బాధను లెక్కింప నక్కరలేదని కొందరు తలంతురు. బాధ కలుగునను భయముచే పనినే మానివేయుట మేలని మరికొందరు తలంతురు. ఈ రెండు తలంపులలో దేనియందు ధర్మము కలదు? లేక రెంటికిని వేరైన మార్గ మున్నదా?

ఈ ప్రశ్నను విచారించుటకు రాజ్యవిప్లవములను, మహాసంగ్రామములను ఉదాహరింప నక్కరలేదు. పెరటిలో పది పన్నెండు బంగారు చేపలున్న చిన్న కొలను చాలును. దానికి ఎక్కడనో బీట వారినది. నీరు దినదినము తగ్గుచున్నది. బీటను పూడ్చవలెనన్న నీటిని తోడివేయవలెను. తోడివేసినచో చేపలు బ్రతుకవు. కొలను ఉన్నది చేపలకొరకే; ఆ కొలను నిలుచుటకు కావలసిన పనియే చేపలకు ప్రాణాంతకము. విషయము స్వల్పమే. కాని మహాకార్యములయందు కనిపించు ధర్మసంకట మంతయు ఇందు గలదు.

ఆశ్రితుని స్వరూపము

ముందుగా ఈ ఆశ్రితుడెవ్వరో తెలియవలెను. తెలుగునాట చెరువులలో పెంచు బొచ్చె, శీలవతి చేపల కుటుంబమునకే బంగారు చేపయు చెందినది. చైనా దేశపు మంచినీళ్ళలో తిరుగు బూడిదవన్నె చేపలలో అరుదుగా ఎఱ్ఱనివియు, పసుపువన్నెవియు పుట్టుచుండెడివి. సుంగ్ వంశీయుల కాలమున (960–1279) వానిని ఏరి కొలనులలో పెంచుట ఆచారమయ్యెను. మింగ్ వంశీయుల కాలమున (1368–1644) అవి ఇండ్లలోని తొట్లకు చేరెను. తరతరములుగా ఏరి పెంచుటచే జంటతోకలు, ఉబ్బిన కన్నులు, గుండ్రని మేను గల రకములు క్రమముగా ఏర్పడెను.

ఇందలి అర్థము గమనింపదగినది. బురదలో కలిసిపోవు వన్నె ఆ చేపకు ప్రకృతి యిచ్చిన కవచము. కొంగ కంటబడకుండ దానిని కాపాడినది ఆ వన్నెయే. వేగముగా ఈదు సన్నని మేను దానికి రెండవ కవచము. మానవుడు తన కన్నులపండువుకొరకు ఆ రెండు కవచములను తొలగించెను. ఎవడు ఒక ప్రాణికి స్వయంరక్షణశక్తిని తగ్గించెనో, వాడే దానికి రక్షకుడు కావలెను. ఇది దయచే చేయు దానము కాదు, తీర్పవలసిన ఋణము. దయ కలిగినపుడు చూపుటకును, కలుగనిపుడు మానుటకును వీలున్నది. ఋణమున కట్టి వీలు లేదు.

రెండు సులభమార్గములు

కొలను కారుచున్నదని తెలిసినపుడు మనస్సు సులభమార్గములను వెదకును. మొదటిది ప్రతిదినము తగ్గినంత నీరు పోయుచు కాలము గడుపుట. పైకి ఇది నిరపాయముగ తోచును. కాని పట్టణపు కుళాయినీటిలో క్రిములను చంపుటకై క్లోరినును కలుపుదురు. మనుష్యుల ఆరోగ్యమునకు మేలుచేయు ఆ పదార్థమే చేపల మొప్పలను గాయపరచును. నీటిని నిలువయుంచినచో క్లోరిను ఒకటి రెండు దినములలో పోవును. కొన్ని నగరములలో కలుపు క్లోరమిను అట్లు పోదు, దానికి వేరుగ మందు కలుపవలెను. ఇది తెలియక దినమునకు రెండు బిందెలు పోయువాడు రక్షించుచున్నానను భ్రమతోనే కొద్దికొద్దిగ హింసించుచున్నాడు. పైగా బీట తనంత తాను మానదు. నేటి బుంగయే రేపటి గండి యని చెరువుక్రింద సేద్యము చేయు ప్రతి రైతునకును తెలియును. లోపమును కప్పిపుచ్చుచు నడుపుటకు ఓర్పు అని పేరు పెట్టుట తగదు.

రెండవ మార్గము చేపలను గొనిపోయి ఏ చెరువులోనో నదిలోనో వదలుట. దీనికి స్వేచ్ఛయను గొప్ప పేరు పెట్టుటకు వీలున్నది. కాని ఎఱ్ఱని వన్నెతో మెల్లగ ఈదు చేపకు నది స్వేచ్ఛాస్థానము కాదు, కొంగలకు దానిని వడ్డించిన విస్తరి. బ్రతికి వృద్ధిపొందినచో కీడు మరియొకరికి కలుగును. బంగారు చేపలు అడుగుబురదను కెలకి, నీటిమొక్కలను పెకలించి, ఆ నీటిని నమ్మిన ఇతర ప్రాణులకు చేటు తెచ్చును. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమందలి బర్న్స్‌విల్ నగర పాలకులు 2021లో, పెంపుడు బంగారు చేపలను చెరువులలో వదలవద్దని ప్రజలను బహిరంగముగ కోరవలసి వచ్చెను; అట్లు వదలినవి ఊహింపరాని పరిమాణమునకు పెరిగి అచ్చటి నీటిని పాడుచేయుచుండెను. తన భారమును దింపుకొనుటయు, ఆశ్రితుని విముక్తుని చేయుటయు ఒకటి కావు. చూచువారికి రెండును ఒకే తీరుగ కనిపింపవచ్చును. చేయువాని అంతరంగమునకు మాత్రము భేదము తెలియును.

ఈ సందర్భమున మనువు కథ స్మరణీయము. శతపథ బ్రాహ్మణమున చెప్పబడిన ఆ కథలో, చేతులు కడుగుకొనుచున్న మనువు దోసిటిలోనికి ఒక చిన్న చేప వచ్చి తన్ను కాపాడుమని వేడుకొనెను. చిన్న చేపలను పెద్దచేపలు మ్రింగును గనుక తాను పెరుగువరకు ఆశ్రయ మిమ్మని అది కోరెను. మనువు దానిని మొదట కుండలో ఉంచెను. కుండ చాలనపుడు గుంట త్రవ్వి అందుంచెను. ఏ అపాయమును తన్నంటనంతగ అది పెరిగిన పిమ్మటనే సముద్రమున వదలెను. మొదటి దినముననే సముద్రమున విసరినచో అతని చేయి తేలికపడెడిది, చేప నశించెడిది. పెరిగిన చేపను కుండలోనే బంధించియుంచినను అది నశించెడిది. ఏ వేళకు ఏ ఆశ్రయము తగునో గ్రహించి, దానికి తగినట్లు పాత్రను మార్చుచు వచ్చుటయే మనువు చేసిన రక్షణ.

పనికి ముందు వివేకము, వివేకముతో నీడ

మరమ్మతునకు పూనుకొనువాడు మొదట గడ్డపారను పట్టరాదు. కన్నులు తెరచి చూడవలెను. నీరు తగ్గినంత మాత్రమున కొలను పగిలినదని నిశ్చయింపరాదు. ఎండకు, గాలికి నీరు ఆవిరియగును. ఒక బాల్చీలో నీరు నింపి కొలను గట్టున నుంచి, రెంటి నీటిమట్టములను గుర్తుపెట్టి, ఒకటి రెండు దినములు పరిశీలింపవలెను. రెండును సమముగ తగ్గినచో దోషము సూర్యునిదే కాని కొలనుది కాదు. కొలను మట్టమే ఎక్కువగ తగ్గినచో కారుట నిజము. పంపుతో నీటిని ఎత్తి ధారగ పడవేయు ఏర్పాటున్నచో దానిని కొంతకాలము ఆపి చూడవలెను. అప్పుడు నీరు నిలిచినచో బీట గొట్టములోనో ధార పడు చోటనో కలదు, కొలనును ముట్టుకొన నక్కరలేదు. అట్లు ఆపినంతకాలము చేపలకు గాలి అందునట్లు చిన్న గాలిపంపునైన అమర్చవలెను. పరీక్షకొరకైనను ఆశ్రితుని ఊపిరిని ఆపరాదు.

కొలనులోనే లోపమున్నచో నీరు ఏ మట్టమున నిలిచిపోవునో ఆ మట్టపు అంచునందే బీట యుండుట సాధారణము. అచ్చట నీటిని కదలనీయక, ఆహారములో వాడు రంగునీటి చుక్క నొకదానిని మెల్లగ వదలినచో అది బీట వైపునకు సాగును. ఇంత చిన్న ఉపాయముతో దోషస్థానము తెలియుచుండగ, కోపముతో కొలను నంతయు పగులగొట్టుట అవివేకము. లోకమున దిద్దుబాటు పేర జరుగు హింసలో అధికభాగము దోషమెచ్చట నున్నదో వెదకు ఓర్పు లేకపోవుటచే కలుగుచున్నది.

దోషస్థానము తెలిసిన పిమ్మట చేయవలసిన మొదటి పని నీటిని తోడుట కాదు, నీడను సమకూర్చుట. విశాలమైన తొట్టి నొకదానిని చెట్టునీడలోనో వసారాలోనో ఉంచి, అందు కొలను నీటినే నింపవలెను. ఆ నీరు చేపలకు పరిచితము. వేడిమి యందును గుణమందును భేదముండదు. లోతుకంటె వెడల్పు ముఖ్యము, ఏలయన గాలి నీటిలో కలియునది పైభాగమందే. బెదరిన చేప ఎగిరిపడును. పిల్లియు లకుముకిపిట్టయు కాచియుండును. కనుక పైన వల కప్పవలెను. చేపను గట్టి వలతో ఎత్తినచో దాని మేనిపైని జిగురుపొర చెదరి వ్యాధులకు దారియగును. మెల్లగ ఒక గిన్నెలోనికి మళ్ళించి నీటితోకూడ ఎత్తుట మేలు. ఆ దినములలో మేత తగ్గింపవలెను. చిన్న తొట్టిలో మిగిలిన మేత కుళ్ళి విషమగును.

కంటికి కనబడని మరియొక ఆశ్రితవర్గము గలదు. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విడుచుచుండును. కొలను రాళ్ళను, వడపోత యంత్రపు లోపలి భాగములను అంటిపెట్టుకొన్న సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిదప అంత హానికరము కాని నైట్రేటుగను మార్చును. శుభ్రపరచు ఉత్సాహములో ఆ భాగములను కుళాయినీట కడిగినను, ఎండలో ఆరబెట్టినను, ఆ జీవులు చచ్చును. కొలను తళతళలాడును, చేపలు మాత్రము రోగగ్రస్తము లగును. కావున వానినికూడ పాతనీటిలోనే తడిగ ఉంచవలెను. పాతదన్నంతమాత్రమున మలినమని కడిగివేయువాడు, ఆ పాతలో కనబడక పనిచేయుచు అందరిని బ్రతికించు దానిని కోల్పోవును. కుటుంబములను, విద్యాలయములను సంస్కరింపబూనువారు ఈ చిన్న సత్యమును మనస్సున నుంచుకొనుట మేలు.

మౌనము సాక్ష్యము కాదు

ఈ జాగ్రత్తలన్నియు వినిన యొకడు, బంగారు చేప గట్టి ప్రాణి, నాలుగు దినములు కష్టమైనను ఓర్చుకొనును, అని యనవచ్చును. అది గట్టి ప్రాణియే. చల్లని నీటిలో ప్రాణవాయువు అందనపుడు తన దేహములో చేరు లాక్టికామ్లమును మద్యసారముగ మార్చి మొప్పల ద్వారా వెలికి పంపు విచిత్రశక్తి దానికి గలదు. దాని కీలకమును ఓస్లో, లివర్‌పూల్ విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు 2017లో వివరించిరి. కాని ఆ శక్తి ఆపత్కాలమున ప్రాణము నిలుపుకొనుటకు కలిగినదే గాని, యజమాని సోమరితనమునకు తోడ్పడుటకు కలిగినది కాదు. చావలేదు కనుక బాధ లేదనుట తర్కము కాదు.

చేపకు అరుపు లేదు. 2003లో బ్రిటనులోని శాస్త్రజ్ఞులు ట్రౌట్ అను చేప తలయందు హానిని గ్రహించు నాడీతంతువు లున్నవని కనుగొనిరి. చేప అనుభవము మానవుని బాధవంటిదేనా యను చర్చ నేటికిని ముగియలేదు. ముగియు వరకు ధర్మము వేచియుండదు. సందేహము గలచోట, తప్పు జరిగినచో ఎవరికి నష్టము అని అడుగవలెను. బాధ లేని చేపను జాగ్రత్తగ చూచినచో మనుష్యునకు కొంత శ్రమ మాత్రమే వృథా. బాధ గల చేపను అజాగ్రత్తగ చూచినచో ఆ నష్టమునకు పరిహారము లేదు. సేవకుని మౌనమును, శిశువు మౌనమును, ఇంట అందరికంటె ఆలస్యముగ భుజించు గృహిణి మౌనమును క్షేమమునకు సాక్ష్యముగ గైకొనుట మానవులకు అలవాటు. ఓర్చుకొనువాని ఓర్పు వానికి భూషణము. దానిని కొలమానముగ చేసికొని భారము పెంచువానికి అది దూషణము.

తొందర అను చివరి దోషము

బీటను పూడ్చిన దినమున యజమానికి సంతోషము కలుగును. అపాయము ఆ సంతోషమునందే పొంచియుండును. సిమెంటుతో పూడ్చినచో కొత్త సిమెంటునుండి సున్నము నీటిలోనికి దిగి, ఆ నీటి క్షారగుణమును పెంచి మొప్పలను కాల్చును. గట్టిపడు వరకు తడుపుచు ఆగి, పలుమారులు నీరు నింపి తోడివేసియో, తగిన పూత పూసియో, నీటిని పరీక్షించి చూచిన పిమ్మటనే చేపలను వదలవలెను. ప్లాస్టిక్ పట్టా పరచిన కొలనైనచో చిరిగిన చోటును శుభ్రపరచి, బాగుగ ఆరనిచ్చి, దానికి తగిన జిగురుతో అతుకు వేయవలెను. తడిమీద వేసిన అతుకు నిలువదు. పిదప నీరు నింపి, మట్టమును గుర్తుపెట్టి, మరల చూడవలెను. చేపలను తిరిగి వదలునపుడును కొత్తనీటిని కొంచెము కొంచెముగ తొట్టిలో కలుపుచు, వేడిమి సమానమైన పిదప విడువవలెను. కష్టమంతయు గడచిన తరువాత చివరి గడియలోని తొందరచే చచ్చు చేపలు అనేకములు.

ఆశ్రితులను మరువక జలాశయమును బాగుచేయుటకు చరిత్రలో గొప్ప ఉదాహరణము గలదు. చైనా కవియు రాజోద్యోగియు నైన సూ షి (1037–1101) 1089లో హాంగ్‌జౌ నగరమునకు పాలకుడుగ వచ్చెను. ఆ నగరపు పడమటి సరస్సు పూర్వము అతడచ్చట చిన్న ఉద్యోగిగ నున్నపుడు రెండు మూడు పాళ్ళు మాత్రమే పూడియుండెను; ఇప్పుడు సగము పూడిపోయినది. 1090లో పూడిక తీయుటకు అనుమతి కోరుచు అతడు ప్రభుత్వమునకు పంపిన విజ్ఞాపనలో ఐదు కారణములు చూపెను. నగరవాసుల త్రాగునీరు, పొలముల సాగు, కాలువలో పడవల రాకపోకలు, మద్యముపై వచ్చు పన్ను అందు నాలుగు. కాని మొట్టమొదట అతడు పేర్కొన్నది ప్రాణులను గూర్చి. ఆ సరస్సు పట్టుబడిన చేపలను పక్షులను విడిచిపెట్టు అభయస్థానముగ ప్రకటింపబడినది. ఏటేట జనులు గుమిగూడి చక్రవర్తి క్షేమమును కోరుచు ప్రాణులను విడుచుచుండిరి. సరస్సు పూడినచో ఆ చేపలన్నియు నీరులేక నశించునని అతడు విన్నవించెను.

ధనము చాలనందున బౌద్ధ భిక్షుదీక్షకు ప్రభుత్వమిచ్చు అనుమతిపత్రములను నూరింటిని ఈ పనికై మంజూరు చేయుమని కోరెను. తీసిన బురదను, కలుపును ఎక్కడ వేయుట యను చిక్కు వచ్చినపుడు, వానితోనే సరస్సు నడుమ దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున గట్టు కట్టించెను. అది నేటికిని అతని పేర నిలిచియున్నది. మరల కలుపు పెరుగకుండ ఒడ్డునీటిని నీటిపంట వేయువారికి కౌలునకిచ్చి, ఆ ఆదాయమును సరస్సు పోషణకు వినియోగించు ఏర్పాటు చేసెను. 2011లో ఆ సరస్సు ప్రాంతము ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడినది. త్రాగునీటికొరకు చేపలను బలియిచ్చుటయో, చేపలకొరకు పంటపొలములను ఎండగట్టుటయో అతనికి అవసరము కాలేదు. సరస్సును నమ్మినవారందరి పేర్లను ఒకే పత్రములో వ్రాసికొన్న తరువాతనే అతడు పార పట్టించెను. ఆ జాబితా వ్రాసికొనుటయే ధర్మమునకు మొదటి మెట్టు.

ఇక మిగిలిన ఆక్షేపము ఒక్కటి. సమస్త కర్మములును ఏదో యొక దోషముతో కూడియే యుండునని గీతాచార్యుడే బోధించియుండగ, ఒకటి రెండు చేపలు చచ్చినందులకు ఇంత విచార మేల యని అడుగవచ్చును. ఆ బోధ కర్తవ్యమునుండి పారిపోవువానికి ధైర్యము కలిగించుటకు చెప్పబడినది; అజాగ్రత్త గలవానికి క్షమాపణపత్రముగ కాదు. వడ్లు దంచునపుడు ఊక పోక తప్పదు. బియ్యము నేలపాలగుట మాత్రము దంచువాని లోపము. తాను చేయదగిన జాగ్రత్తలన్నియు చేసిన పిదప మిగులు నష్టమును ఈశ్వరార్పణము చేయవచ్చును. చేయని జాగ్రత్తలను ఈశ్వరునకు అర్పించుట ఎట్లు?

కొలను కారుచుండగ మిన్నకుండుట ధర్మము కాదు. చేపలను మరచి కొలనును బాగుచేయుటయు ధర్మము కాదు. తొట్టిలో చేపలుండు ఆ నాలుగైదు దినములలోనే యజమాని స్వభావము తేలును. కొలను నిండియున్నపుడు ఎవడైనను మంచి యజమానియే. ఆనకట్టకొరకు ఊళ్ళను ఖాళీచేయించు అధికారికిని, బిడ్డ దోషమును దిద్దబూను తండ్రికిని, ఇతరుల మూఢనమ్మకమును తొలగింపబూను పండితునికిని ఇదియే పరీక్ష. పాత ఆశ్రయమును తీయకముందు తాత్కాలికమైన నీడనైన వారు చూపిరా? ఆ నీడలో ఉన్నంతకాలము ప్రతిదినము వచ్చి చూచిరా? కొత్త ఆశ్రయము నిజముగ వాసయోగ్యమైనదని పరీక్షించిన పిదపనే లోనికి పిలిచిరా? ఈ మూడింటికిని అవునని చెప్పగలవాడు నిర్భయముగ బాగుచేయవచ్చును; బాగుచేయుట వానికి కర్తవ్యమును. చెప్పలేనివాడు గడ్డపారను క్రిందనుంచి, ముందు తొట్టిలో నీరు నింపుటకు పోవుట మేలు.